తోడు పెరుగూ, హాట్‌స్పాటూ

ఇరుగూ పొరుగూ అన్నాక ఒకరినొకరు అడిగి పుచ్చుకోవడం తప్పదు. కాలాన్ని బట్టి అడిగే వస్తువు మారుతుంది, అంతే. మా అమ్మమ్మగారి రోజుల్లో పొయ్యి రాజెయ్యడానికి నిప్పు అడిగేవారట. అమ్మ కాపురానికొచ్చేసరికి అది తోడు పెరుగూ, నాలుగు రెబ్బల కరివేపాకూ, గ్లాసుడు పంచదారా అయింది. వీధికొక్క టెలిఫోను ఉన్న నా చిన్నతనంలో పక్కింటివాళ్ళ నంబరు రాసుకుని, దాని పక్కన 'పి.పి.' అని రెండక్షరాలు చేర్చి, శుభలేఖల మీద కూడా ధైర్యంగా అచ్చు వేయించుకునేవారు. 1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక, ఆదివారం పొద్దున టీవీ ఉన్న ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు లెక్కపెట్టడం ఎవరి తరమూ కాలేదు. ఇప్పుడా వంతు ఇంటర్నెట్టుకి వచ్చింది. "కాస్త మీ హాట్‌స్పాట్ ఆన్ చేస్తారా?" అని ఎంత మొహమాటంగా అడుగుతారో గమనించారా? అచ్చం "తోడుకి కాస్త పెరుగుందా వదినగారూ?" అన్నట్టే ఉంటుంది ఆ గొంతు.

అడిగేది చిన్నదే. కానీ చిన్న వాటిలోనే పెద్ద ధర్మసందేహాలు దాక్కుని ఉంటాయి. అడిగినవాళ్ళకి మన నెట్టు ఇవ్వడం ధర్మమా, దయా? ఇవ్వనంటే తప్పా? ఇచ్చాక మనం ఒక మెట్టు పైకెక్కినట్టా? ఈ మధ్య ఇవన్నీ నన్ను బాగానే వేధిస్తున్నాయి.

నేను బి.ఏ. చదివినదాన్ని. యంత్రాల సంగతి నాకు అర్థమైనంత మట్టుకే చెబుతాను. మన ఫోను ఊళ్ళో ఉన్న టవరు నుంచి ఇంటర్నెట్టుని అందుకుంటుంది. హాట్‌స్పాట్ నొక్కగానే, తను అందుకున్నదాన్ని వైఫైగా మార్చి చుట్టుపక్కల ఉన్న ల్యాప్‌టాప్‌కీ, టీవీకీ, ఇంకొకరి ఫోనుకీ పంచుతుంది. అంటే అంతవరకూ తాగేవాడిగా ఉన్నది కాస్తా చలివేంద్రం అవుతుందన్నమాట. రెండు పనులూ ఒక్కతే చెయ్యాలి కనుక బ్యాటరీ తొందరగా తరిగిపోతుంది, ఒళ్ళు వేడెక్కుతుంది. ఈ వేడి సంగతి గుర్తుంచుకోండి. ఇక ఇచ్చినది అందేది దగ్గర ఉన్నవాళ్ళకే. మధ్యలో ఒకటి రెండు గోడలు అడ్డొస్తే చాలు, పుచ్చుకునేవాళ్ళు 'పోయింది, పోయింది' అంటారు.

మన పెద్దలు లోకంలో వస్తువుల్ని రెండు రకాలుగా చూశారు. ఇస్తే తరగనివి కొన్ని, ఇస్తే తరిగేవి కొన్ని. చదువు చెబితే చెప్పినవారి చదువు తరగదు. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే మొదటి దీపానికి వచ్చిన నష్టం లేదు. కుండలో నీళ్ళు అలా కావు, చెంబుడు ముంచితే చెంబుడు తగ్గుతాయి. మరి హాట్‌స్పాట్ ఏ జాతిది? చూడ్డానికి దీపంలా ఉంటుంది. నా ఫోనులో నేను వార్తలు చదువుకుంటూనే ఉంటాను, పక్కవాళ్ళ పనీ జరిగిపోతుంది. కానీ లోపల అది కుండే. రోజుకి ఒకటిన్నర జీబీ అనో, రెండు జీబీ అనో కొలిచి పోస్తారు. అడుగంటిందా, చాలా పథకాల్లో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అప్పుడు ఒక్క ఫొటో తెరుచుకునేలోగా పప్పు ఉడికిపోతుంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఈ కుండ రాత్రి పన్నెండు గంటలకి తనంతట తనే ఖాళీ అయి మళ్ళీ నిండుతుంది. మిగిలింది మర్నాటికి రాదు. అందుకే రాత్రి పదకొండున్నరకి డేటా ఇవ్వడానికి ఎవరికీ మనసు వెనక్కి లాగదు. పొద్దున ఎనిమిదింటికి అడిగితేనే లెక్కలు మొదలవుతాయి. మిగిలిపోయి, పారబొయ్యవలసినదాన్ని ఇస్తే అది దానమవుతుందా? పుణ్యం మాట నాకు తెలీదు గానీ, ఆకలితో ఉన్నవాడికి వేళ ముఖ్యం. రాత్రి పదకొండున్నరకి మిగిలిన అన్నం పెట్టేవాళ్ళు మంచివాళ్ళే. కానీ పొద్దున్నే ఆఫీసు పనికో, పరీక్ష ఫారానికో నెట్టు అవసరమైన మనిషికి మన మిగులు పనికిరాదు, మన భాగమే కావాలి. ఇవ్వడం ఎంత కష్టమో తేలేది అక్కడే.

ఇక్కడ ఒక అనుభవం చెప్పాలి. మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు ఇంటర్ అయిపోయి ఎప్‌సెట్ రాసింది. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. వాళ్ళ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనులో రీఛార్జి అయిపోయింది. గడువు ఆ సాయంత్రమే. మా మెట్ల మీద కూర్చుని చేసుకుంటానంది. లోపలికి రమ్మంటే రాలేదు. సరేనని ఆన్ చేసి ఇచ్చాను. ఆ అమ్మాయి కాలేజీల పేర్లు ఒక్కొక్కటీ పెట్టుకుంటూ, మధ్యమధ్య నా గుమ్మం వంక చూస్తోంది. ఎందుకా అనుకున్నాను. నేను సంచీ తీసుకుని బజారుకి బయల్దేరేసరికి గబుక్కున లేచి, "ఫర్వాలేదు ఆంటీ, తర్వాత చేసుకుంటాలెండి" అంది. నా ఫోను నాతో వస్తే తన దారి మూసుకుపోతుందని ఆ పిల్లకి తెలుసు. ఆగమని మాత్రం నోరు తెరిచి అడగలేదు.

సంచీ మేకుకి తగిలించి కూర్చున్నాను. గంటన్నర పట్టింది. తర్వాత చూస్తే ఆ అమ్మాయి వాడిన డేటా ఏమంత లెక్కలోది కాదు, మా ఇంట్లో రోజూ చూసే వంటల వీడియోలో పాతిక వంతు ఉండదు. నేనిచ్చింది డేటా కాదు, గంటన్నర సేపు ఇంట్లో ఉండడం. తోడు పెరుగు ఇచ్చేసి తలుపేసుకోవచ్చు. హాట్‌స్పాట్ అలా కాదు. పుచ్చుకునేవాళ్ళు మన చుట్టూ తిరగాలి, ఇచ్చేవాళ్ళు కదలకుండా కూర్చోవాలి. మీట మాత్రం ఇచ్చేవాళ్ళ చేతిలోనే ఉంటుంది, ఏ క్షణాన్నైనా నొక్కెయ్యవచ్చు. ఆ మీటని పుచ్చుకునేవాళ్ళు క్షణక్షణం గుర్తుంచుకోవలసి రావడం చిన్న కష్టం కాదు.

మర్నాడు ఆవిడ నాలుగు మునక్కాయలు తెచ్చి గట్టు మీద పెట్టింది. "ఎందుకమ్మా ఇవన్నీ, తీసుకెళ్ళు" అనబోయి ఆగాను. చేబదులు పుచ్చుకున్న కాఫీపొడి తిరిగిస్తే మనం వద్దంటామా? వద్దంటే అది చేబదులు కాదు, ముష్టి అవుతుంది. ఇవ్వడంలో మర్యాద సగం, తిరిగి పుచ్చుకోవడంలో మిగతా సగం. ఆ రోజు మా ఇంట్లో మునక్కాయ పులుసే.

అడిగిన ప్రతివాళ్ళకీ ఇలాగే కూర్చుని పంచాలా అంటే, అబ్బే, అదీ కుదరదు. అడిగిందేమిటో చూడాలి. గడువు ముంచుకొస్తున్న పిల్లకి కనెక్షను ఒక దారి. మన పొలం గట్టు మీద నుంచి తప్ప ఇంకో దారి లేనివాళ్ళని నడిచి పొమ్మనడం దానం కింద రాదు, అది కనీస ధర్మం. రైల్లో ఎదురు బెర్తు అబ్బాయి సినిమా చూడ్డానికి అడిగితే అది వేరు. గంట సేపు మంచి స్పష్టతతో సినిమా చూస్తే జీబీ పైచిలుకు పోతుంది. అది దారి కాదు, సరుకు. ఇస్తే మన దయ, ఇవ్వకపోతే తప్పు లేదు.

తప్పల్లా మనం చెప్పే అబద్ధంలో ఉంది. మన ఆడవాళ్ళకి 'ఇవ్వను' అనడం అలవాటు చెయ్యలేదు కదా, అందుకని "అయ్యో, చార్జింగ్ లేదండీ" అంటాం. అవతల మనిషి కేబుల్ తీసి చేతిలో పెడితే మన పని ఏమిటి? "నాకు సాయంత్రం పనుంది, ఇవాళ కుదరదు" అని నిజం చెప్పడమే అవతలివాళ్ళకీ మర్యాద, మనకీ సుఖం.

ఇంకో సంగతి. మన హాట్‌స్పాట్‌లో చేరిన పరికరాలన్నీ బయటి లోకానికి మన కనెక్షను కిందే కనబడతాయి. పెళ్ళయ్యాక కోడలికి ఇంటిపేరు మారినట్టు, అవి ఎక్కడికి వెళ్ళినా మన ఇంటిపేరుతోనే వెళతాయి. మంచి జరిగినా చెడు జరిగినా ముందు వచ్చేది మన గుమ్మానికే. 2008 జులై 26న అహమ్మదాబాదులో బాంబులు పేలడానికి కొద్ది నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిలు జాడ తీస్తే, అది నవీ ముంబైలో ఒక విదేశీయుడి ఇంటి వైఫై దగ్గర తేలింది. దానికి తగిన తాళం లేదు. దాన్ని వేరెవరో వాడుకున్నారు. పోలీసుల ప్రశ్నలు మాత్రం ఆయనకి తప్పలేదు. కాబట్టి ఎనిమిది అక్షరాలకు తగ్గని పాస్‌వర్డు పెట్టుకోవడం, పని అయ్యాక ఆపెయ్యడం పిసినారితనం కాదు. ఎవరో తెలియనివాళ్ళకి ఇచ్చినప్పుడు తర్వాత పాస్‌వర్డు మార్చుకోవడం అపనమ్మకమూ కాదు. ఇల్లు అద్దెకిచ్చి ఖాళీ చేశాక తాళం మార్చమూ?

పుచ్చుకునేవాళ్ళకీ ధర్మం ఉంది. వైఫై దొరగ్గానే ల్యాప్‌టాపులు తమకేదో అక్షయపాత్ర దొరికిందనుకుని, అడక్కుండానే అప్‌డేట్లు దించుకుంటాయి. ఫొటోలన్నీ పైకి ఎక్కిస్తాయి. మనిషి రెండు ఉత్తరాలు పంపానంటాడు, యంత్రం జీబీ మింగేస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నా తగాదా వస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఆ కనెక్షనుకి 'మీటర్డ్' అని పెట్టుకుంటే దాని ఆకలి చాలావరకు అదుపులో ఉంటుంది. ఒకరింట్లో భోజనానికి వెళ్ళినప్పుడు మన పిల్లల్ని మనమే చూసుకోవాలి కదా, ఇదీ అంతే.

ఊరందరిదీ అయిన వస్తువు ఎవరిదీ కాకుండా పోయి పాడైపోతుందని ఒక వాదం ఉంది. ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికన్ విదుషీమణి అది అన్ని చోట్లా నిజం కాదని చూపించారు. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు, ఆ శాస్త్రంలో ఆ బహుమతి పొందిన తొలి మహిళ ఆవిడే. ఆవిడ రాసిన ఉదాహరణల్లో స్విట్జర్లాండులోని ఒక కొండ గ్రామం ఉంది. అక్కడ 1517 నాటి కట్టుబాటు ప్రకారం, చలికాలంలో తన సొంత గ్రాసంతో మేపగలిగినన్ని ఆవుల్నే వేసవిలో ఉమ్మడి పచ్చికకి తోలాలి. వాడుకునేవాళ్ళే కూర్చుని కట్టుబాటు రాసుకుంటే ఉమ్మడి వస్తువు నిలుస్తుందన్నది ఆవిడ మాట. నాకది చదివాక ఆవులూ కొండలూ కాదు, మా హాలే కళ్ళముందు కనబడింది.

ఎందుకంటే, మన ఇళ్ళలో అందరికన్నా తేలిగ్గా ఉమ్మడి పచ్చికగా మారిపోయేది అమ్మ ఫోను. అయ్యగారి డేటా ఆఫీసు పనికి. అబ్బాయి డేటా చదువుకి. అమ్మకేం పని ఉంది కనుక? "అమ్మా, నీది ఆన్ చెయ్యి" అంటారు. అడగను కూడా అడగరు, పాస్‌వర్డు అందరికీ కంఠతా వచ్చు. రాత్రి పనంతా ముగించుకుని ఆవిడ చెల్లెలితో వీడియోలో మాట్లాడదామని కూర్చునేసరికి చక్రం గిరగిర తిరుగుతూ ఉంటుంది. అడుగంటిన అన్నం తిని సరిపెట్టుకున్నట్టే, దీనికీ సరిపెట్టుకుంటుంది. పైగా అది త్యాగమని ఎవరూ అనుకోరు, ఆవిడతో సహా.

ఇది ఒక ఇంటి మాట కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న స్త్రీలు దేశంలో నూటికి 33 మంది, మగవాళ్ళు 57 మంది. అదే 2019లో ఒక కేరళ విద్యార్థిని, హాస్టల్లో సాయంత్రాలు ఫోను లాక్కోవడానికి ఒప్పుకోనందుకు బయటికి పంపేస్తే, హైకోర్టుకి వెళ్ళి గెలిచింది. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో భాగమని ఆ తీర్పు చెప్పింది. కోర్టు దాకా వెళ్ళి ఒక ఆడపిల్ల సాధించినదాన్ని, మనం సోఫాలో కూర్చుని రోజూ వదిలేసుకుంటున్నాం.

ఇవ్వవద్దని నేననడం లేదు. ఇచ్చే చెయ్యి మన ఆడవాళ్ళది, అది మారాలనీ లేదు. కానీ అడిగి పుచ్చుకున్నది పంచుకోవడం, అడక్కుండా తీసుకున్నది వాడేసుకోవడం. ఈ తేడా పిల్లలు పక్కింట్లో నేర్చుకోలేరు, అమ్మ దగ్గరే నేర్చుకోవాలి. ఎవరికెంత, ఎప్పుడు, ఎందుకు అని ఇంట్లో ఒక్క పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే సరిపోతుంది. ఆ కట్టుబాటులో అమ్మ వాటా కూడా ఒకటి రాసుకోవాలి, మిగిలితే కాదు, ముందుగానే.

ఈ రాత్రి భోజనాలయ్యాక ఒకసారి మీ ఇంట్లో ఫోన్లన్నీ చేతితో తాకి చూడండి. అందులో ఏది వేడిగా ఉందో, ఎవరిదో మీకే తెలుస్తుంది.