స్వచ్ఛందం - వేతనం: కాలిఫోర్నియా ఖైదీల అగ్నిమాపకసేవ

కాలిఫోర్నియాలో కార్చిచ్చును అడ్డుకొనే పనికి ఖైదీలను నియోగించటం రెండవ ప్రపంచయుద్ధకాలం నుండి ఉన్నదే. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ పరిసరాలు తగలబడినప్పుడు వెయ్యిమందికి పైగా ఖైదీలు అక్కడ పనిచేశారు. మంట పాకకుండా పొదలు నరికి, మట్టి తేలేదాకా నేలను చెక్కటం వారి ప్రధాన విధి. అప్పటి దినవేతనం 5.80 నుండి 10.24 డాలర్లు, అత్యవసర వేళ గంటకు మరొక డాలరు. (దీనిని వేతనమనవచ్చునా అన్నది వేరే చర్చ.)

అమెరికా రాజ్యాంగానికి 1865లో చేసిన పదమూడవ సవరణ దాస్యాన్ని నిషేధిస్తూనే, నేరానికి శిక్షగా విధించే చాకిరిని మినహాయించింది. అంటే చట్టానికి ఖైదీ అంగీకారంతో పనిలేదు. అయినా ఈ ఏర్పాటును సమర్థించేవారు, ఎవరినీ బలవంతపెట్టలేదనే వాదాన్నే ఆశ్రయిస్తున్నారంటే, చట్టం వారికే చాలలేదన్నమాట. బలవంతం లేదన్నది నిజమే. శిబిరం జైలుగది కంటే మేలని, శిక్షాకాలం త్వరగా తరుగుతుందని ఖైదీలే ముందుకు వస్తారు. అయితే ఆ స్వచ్ఛందత పనికి వర్తించినంతగా వెలకు వర్తిస్తుందా? బేరమాడే వీలులేనివాని అంగీకారం పనిని సమర్థించవచ్చునేమో గాని, కూలిని సమర్థించజాలదు. 2025 అక్టోబరులో ఆమోదం పొందిన చట్టం మంటలతో పోరాడే సమయానికి గంటకు 7.25 డాలర్లు నిర్ణయించింది. మారినది వెల మాత్రమే; ఖైదీల ఇచ్ఛ అంతకుముందూ అదే.

విడుదలానంతర స్థితి మరింత విచిత్రం. అనేక అగ్నిమాపకదళాలు కోరే అత్యవసర వైద్యసేవా ధ్రువపత్రానికి పాత శిక్షే అడ్డయ్యేది. 2020 నాటి చట్టం, శిబిరాలలో పనిచేసినవారు నేరచరిత్ర తొలగింపుకై న్యాయస్థానాన్ని కోరే వీలు కల్పించింది. కొన్ని ఘోరనేరాలకు అది వర్తించదు. మిగిలినవారు కూడా ఒక్కొక్కరుగా అర్జీ పెట్టుకోవలసిందే.