బంధువుల ఇంట్లో టీవీ – మన పిల్లల శిక్షణ

సెలవుల్లో, పండుగల్లో పిల్లలను వెంటబెట్టుకొని నానీ ఇంటికో, చాచా ఇంటికో వెళ్లిరావడం మన కుటుంబాల్లో ఉన్న మంచి అలవాటు. బంధుత్వ సంబంధాలు ఈ రాకపోకల వల్లనే నిలబడుతున్నాయి. కాని కొందరు తల్లిదండ్రులు ఇప్పుడు ఈ ప్రయాణం మాటెత్తితేనే వెనకాడుతున్నారు. కారణం అడిగితే, "అక్కడ పొద్దున లేచింది మొదలు టీవీ ఆగదు. ఏడాదంతా మేము నేర్పింది వారం రోజుల్లో పోతుంది" అంటారు. అవతలివారి బాధ మరో రకం. "మనవలు వస్తే టీవీ కట్టేయాలట. మా ఇంట్లో మేమే తప్పు చేసినవాళ్లలా కూర్చోవాలా?" అని దాదీ నొచ్చుకుంటుంది. ఇరువురూ నమాజ్ చేసేవారే, ఇరువురూ ఆ పిల్లల మేలు కోరేవారే. అయినా మొదట రెండు రోజులు ఉండేవారు ఒక పూటకు తగ్గించుకుంటారు. తర్వాత ఫోన్లో సలామ్ చెప్పి సరిపెట్టుకుంటారు.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఆ తల్లిదండ్రుల ఆందోళనను చాదస్తమని కొట్టివేయడానికి వీల్లేదు. తమను, తమ ఇంటివారిని నరకాగ్ని నుంచి కాపాడుకోవాలని తహ్రీమ్ సూరా 6వ ఆయత్‌లో అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు. నూర్ సూరా 58వ ఆయత్‌ను కూడా ఒకసారి శ్రద్ధగా చదవండి. ఇంకా యుక్తవయస్సుకు రాని పిల్లలు సయితం మూడు వేళల్లో, అంటే ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం దుస్తులు తీసి విశ్రమించే సమయంలో, ఇషా నమాజు తర్వాత, పెద్దల గదిలోకి అనుమతి అడిగి రావాలని అందులో ఆజ్ఞ ఉంది. కన్న తల్లిదండ్రుల ఏకాంతం మీద కూడా పసివారి చూపు పడకూడదని దైవగ్రంథం ఇంత జాగ్రత్త తీసుకుంది. మరి మన హాల్లో, అందరి మధ్యన, మగ్రిబ్ అజాన్ వినిపించే వేళ నుంచి ఇషా దాటేదాకా సాగే సీరియళ్లలో ఆ పసికళ్లు చూస్తున్నదేమిటి? అత్తాకోడళ్లు ఒకరికొకరు విషం పెట్టుకోవడం, పెళ్లయిన మగవాడి కోసం మరో స్త్రీ పన్నాగాలు పన్నడం! నాలుగేళ్ల పిల్లకు కథ అర్థం కాకపోవచ్చు. ఆ ముఖాల్లోని కోపం, ఆ గొంతులోని వెటకారం మాత్రం చక్కగా అర్థమవుతాయి. మరునాడు చెల్లెలి మీద అదే గొంతు వినిపిస్తుంది.

వైద్యులు చెప్పేది కూడా దీనికి దూరంగా లేదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు తెర ముందు కూర్చునే సమయం రోజుకు ఒక గంట మించరాదని, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మన దేశపు పిల్లల వైద్యుల సంఘం 2022లో ప్రచురించిన మార్గదర్శకాల్లో రెండేళ్లలోపు వారికి ఏ తెరా వద్దని చెప్పింది. ఒక్క మినహాయింపు ఇచ్చింది. బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్ మాట్లాడించవచ్చట. బంధుత్వం విలువ వారికీ తెలిసినట్టుంది!

అయితే ఇక్కడే చాలామంది దారి తప్పుతున్నారు. ప్రతి ఒక్కరూ కాపరియేనని, తన ఆధీనంలో ఉన్నవారిని గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). మన మంద మన పిల్లలు. అన్నయ్య పిల్లల గురించి అన్నయ్యను ప్రశ్నిస్తారు, మనల్ని కాదు. టీవీ విషయంలో ఉలమాల మధ్య కూడా అభిప్రాయభేదం ఉంది. కొందరు దాన్ని ఇంట్లోకే రానివ్వకూడదంటారు. మరికొందరు అందులో ఏం చూస్తున్నారనే దాన్నిబట్టి తీర్పు చెబుతారు. మనం మొదటి మాటను అనుసరిస్తున్నంత మాత్రాన, రెండో మాటను అనుసరించే తమ్ముణ్ణి దీన్ లేనివాడిగా చూసే హక్కు మనకు రాదు. ఇక బంధుత్వాన్ని తెంచేవాడు స్వర్గంలో ప్రవేశించడని చేసిన హెచ్చరిక కూడా అదే ప్రవక్త (స) నోట వెలువడిందే (బుఖారీ, ముస్లిం). పిల్లల్ని టీవీ నుంచి కాపాడే పేరుతో వారికి దాదీ ఒడిని దూరం చేసేవారు ఈ రెండు హదీసులనూ పక్కపక్కన పెట్టుకొని ఆలోచించాలి.

ఇంతకంటే చేదయినది మరొకటి ఉంది. ఐదేళ్ల పిల్లవాడు దాదీ ముందు నిలబడి, "టీవీ చూస్తే అల్లాహ్ నిప్పులో వేస్తాడు" అంటాడు. తల్లిదండ్రులు లోలోపల మురిసిపోతారు, పిల్లవాడు దీన్ నేర్చాడని. వాడు నేర్చింది దీన్ కాదు, పెద్దవారిని చిన్నబుచ్చడం. ఫిరౌన్ దగ్గరికి పంపేటప్పుడు మూసా, హారూన్ (అలైహిముస్సలామ్)లకు సయితం మృదువుగా మాట్లాడమని అల్లాహ్ ఆదేశించాడు (తాహా సూరా, 44వ ఆయత్). తండ్రిని కనిపెంచిన తల్లి ఫిరౌన్ కన్నా కఠినమైన మాటకు తగినదా?

కొందరు గొడవ ఎందుకని పిల్లలకు అబద్ధం చెబుతారు. "నానీ ఇంట్లో టీవీ పాడైపోయింది" అంటారు. రిమోట్ దాచి, కరెంటు లేదంటారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) చిన్నతనంలో జరిగిన సంఘటన గుర్తుచేసుకోండి. ఆయన తల్లి, ఏదో ఇస్తాను రమ్మని పిలిచారు. ఏమివ్వాలనుకున్నావని దైవప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పారు. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది ఆమె పేర అబద్ధంగా రాయబడేదని ఆయన తెలిపారు (అబూదావూద్). టీవీని ఆపడానికి అబద్ధం నేర్పితే మనకు మిగిలేదేమిటి?

మరేం చేయాలి? మాట ముందే జరగాలి, పిల్లలు వినకుండా జరగాలి. ఆ మాట ఎవరు ఎత్తాలన్నది కూడా ముఖ్యమే. మన ఇళ్లలో ఈ భారమంతా కోడలి మీద పడుతుంది. ఆమె నోరు తెరిస్తే "మా అలవాట్లు నచ్చడం లేదు" అని అత్తగారు అనుకుంటుంది. తెరవకపోతే "నువ్వే చూసీచూడనట్టు వదిలేశావు" అని భర్త అంటాడు. ఇది న్యాయం కాదు. తన తల్లికి చెప్పవలసింది కొడుకే. "అమ్మీ, పిల్లలు మేలుకొని ఉన్నంతసేపు ఆ సీరియళ్లు వద్దు, వాళ్లు పడుకున్నాక మీ ఇష్టం" అని ప్రేమగా అడిగితే కాదనే తల్లులు తక్కువ. ఒకవేళ కాదంటే? పిల్లల్ని మేడ మీదికో, వాకిట్లోకో, మస్జిద్‌కో తీసుకువెళ్లే ఓపిక మనకుండాలి. రెండు రోజుల్లో గంటో రెండు గంటలో చూసినంత మాత్రాన ఏడాది శిక్షణ కొట్టుకుపోదు. కొట్టుకుపోయిందంటే ఆ శిక్షణనే పరీక్షించుకోవాలి.

ఆ ఇంటి పిల్లలు మన ఇంటికి వచ్చినప్పుడు మన తీరు ఎలా ఉండాలి? హజ్రత్ ఉమర్ బిన్ అబీ సలమా (రజి) దైవప్రవక్త (స) ఇంట్లో పెరిగిన బాలుడు. భోజనం చేస్తుంటే ఆయన చేయి పళ్లెమంతా తిరిగేది. అల్లాహ్ పేరు తలచుకొని, కుడిచేత్తో, తన ముందున్న దాన్ని తినమని ప్రవక్త (స) నేర్పారు (బుఖారీ, ముస్లిం). మీ ఇంట్లో ఇదే నేర్పారా అని ఆ పిల్లవాణ్ణి దెప్పలేదు. మేనల్లుడు వచ్చి "కార్టూన్ పెట్టండి" అని అడిగితే వాడి తల్లిదండ్రుల మీద వ్యాఖ్యానం అక్కర్లేదు. వాడి చేతికి బంతి ఇస్తే సరిపోతుంది.

దాదీ సంగతి కూడా కాస్త ఆలోచించాలి. మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని మనిషి, పగలంతా ఒంటరిగా ఉండే మనిషి, ఇంట్లో ఒక గొంతు వినబడాలని టీవీ పెట్టుకుంటుంది. దాన్ని కట్టేయమనేవారు ఆ గొంతు స్థానంలో ఏం పెడుతున్నారు? చేప కడుపులో యూనుస్ ప్రవక్త (అలైహి), అబ్రహా ఏనుగుల మీద రాళ్లు వేసిన పక్షులు, అన్నలు బావిలో పడేసిన యూసుఫ్ (అలైహి)... ఈ కథలు ఆమెకు వచ్చు. అడిగేవారే కరువయ్యారు. పిల్లల్ని ఆమె పక్కన కూర్చోబెట్టి, "దాదీ, అబ్బా చిన్నప్పుడు ఎలా ఉండేవారు?" అని అడిగించండి. రిమోట్ ఆమె తనంతట తానే పక్కన పెడుతుంది.

ఆతిథ్యమిచ్చే పెద్దలకూ ఒక విన్నపం. మనవడి తల్లి టీవీ వద్దంటే అది మీ మీద తీర్పు కాదు. పంచదార పడని పిల్లవాడికి మీరు మిఠాయి పెట్టరు కదా, అలాంటిదే అనుకోండి. తల్లి వంటింట్లోకి వెళ్లగానే "మీ అమ్మకు చెప్పకులే" అని కార్టూన్ పెట్టడం మాత్రం చేయవద్దు. ఆ పిల్లవాడు అక్కడ చూసిన బొమ్మలు మరచిపోతాడు, తల్లి దగ్గర దాచవచ్చన్న సంగతి మరచిపోడు.

ఇంటికి తిరిగివచ్చాక పిల్లలు తప్పకుండా అడుగుతారు, "చాచా వాళ్లు చూస్తారు, మనమెందుకు చూడం?" అని. చాచా మంచివాడు కాదని చెప్పకండి. ఆ ఇంటి పద్ధతి అది, మన ఇంటి పద్ధతి ఇది అని చెప్పండి. చెప్పేటప్పుడు మీ చేతిలో ఫోన్ లేకుండా చూసుకోండి. ఇంట్లో టీవీ లేదని చెప్పుకుంటూ, అన్నం తినిపించడానికి ఫోన్లో అవే కార్టూన్లు పెట్టే ఇళ్లు మనలో తక్కువేమీ కాదు.