పండుగ రాత్రి మన యువకులు

కళాశాలల్లో చదువుతూ పండుగకు హాస్టల్ నుంచి ఇల్లు చేరే విద్యార్థి సోదరులారా!

నెలవంక కనిపించిందన్న ప్రకటన మసీదు మైకులో వినిపించగానే ఇల్లంతా సందడి మొదలవుతుంది. అమ్మీ షీర్ ఖుర్మా కోసం ఖర్జూరాలు నానబెడుతుంటుంది. బస్సులో నిలబడి ఊరు చేరిన కొడుకు బైకు తాళాలు అందుకుని, “ఇప్పుడే వస్తా అమ్మీ” అంటూ బయలుదేరతాడు. ఆ తల్లి ఎన్ని గంటలకు నిద్రపోతుందో మనందరికీ తెలుసు.

మేము పండుగ సంతోషాన్ని కాదనడం లేదు. మదీనావాసులు రెండు రోజులు ఆటపాటలతో గడుపుకోవడం చూసి, వాటికి బదులుగా అల్లాహ్ అంతకన్నా మేలైన రెండు పండుగలను ప్రసాదించాడని దైవప్రవక్త (స) తెలియజేశారు. పండుగనాడు హబషీలు మసీదులో బల్లేల విన్యాసాలు చేస్తుంటే హజ్రత్ ఆయిషా (రజి) చూసేందుకు ఆయనే (స) వీలు కల్పించారు. ఈద్ రోజు ఉపవాసం ఉండటమే నిషిద్ధం. సంతోషం మన ధర్మంలో ఉన్నదే.

కాని చాంద్‌రాత్ పేరిట మన వీధుల్లో జరుగుతున్నదేమిటి? ఒక్క బైకుపై ముగ్గురు. సైలెన్సర్ తీసేసిన బండి, గాలిలోకి లేచే ముందు చక్రం. కొత్తగా కత్తిరించుకున్న జుట్టు చెదురుతుందని హెల్మెట్ ఇంట్లోనే ఉంటుంది! (జుట్టు మీద ఉన్న శ్రద్ధ తల మీద లేకపోవడం వింతే.) చార్మినార్, పత్తర్‌గట్టి వంటి బజార్లలో అదే రాత్రి తల్లులు పిల్లల చేతులు పట్టుకుని గాజులు, చెప్పులు కొంటూ తిరుగుతుంటారు.

హిజ్రీ 10వ సంవత్సరం, హజ్ సందర్భం. ప్రవక్త (స) అరఫాత్ నుంచి తిరిగి వస్తుండగా వెనుక కేకలు, ఒంటెలను కొడుతున్న చప్పుడు వినిపించాయి. ఆయన తమ చేతి కొరడాతో సైగ చేస్తూ, నెమ్మదిగా రండని, తొందరలో పుణ్యం లేదని వారించారు. ఆరాధన కోసం సాగుతున్న ప్రయాణంలోనే వేగాన్ని వారించారంటే, ఇక వినోదం కోసం చేసే వేగం సంగతేమిటి?

ఈ విషయంలో మన యువకులు అంతగా ఎరుగని ఆజ్ఞ ఒకటుంది. పొరపాటున ఒక విశ్వాసి ప్రాణం తీసినవాడు హతుని వారసులకు, వారు క్షమిస్తే తప్ప, దియత్ చెల్లించాలని ఖుర్ఆన్ అన్నిసా సూరా 92వ ఆయత్‌లో విధించింది. ప్రాయశ్చిత్తంగా బానిసను విడిపించాలి. ఆ స్తోమత లేకుంటే ఎడతెగకుండా రెండు నెలలు ఉపవాసం ఉండాలి. ఇది ఉద్దేశపూర్వకం కాని హత్యకు! రహదారి ప్రమాదాలకూ ఈ ఆజ్ఞ వర్తిస్తుందని ఎందరో ఉలమాలు చెప్పారు. ట్రాఫిక్ నియమాలను పాటించడం షరీఅత్ రీత్యా తప్పనిసరేనని అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్‌హ్ అకాడమీ 1993లో బ్రూనై సమావేశంలో తీర్మానించింది. రమజాన్ నెలంతా ఉపవాసాలు పూర్తిచేసిన సాయంత్రమే ఒక్క మలుపు దగ్గర అరవై ఉపవాసాల బాధ్యత తలకెత్తుకోవడం ఎంత నష్టం! పోయిన ప్రాణం ఆ అరవైతోనూ తిరిగి రాదు.

“అంతా తఖ్దీర్” అనేవారున్నారు. విధిని విశ్వసించడం ఈమాన్‌లో భాగమే. కాని విధి పేరు చెప్పి తప్పించుకోవచ్చునంటే అల్లాహ్ ఈ కఫ్ఫారాను ఎందుకు విధించాడు?

తల్లిదండ్రులకూ ఒక మాట. ఇంటర్ చదివే పిల్లవాడికి పదహారో, పదిహేడో ఉంటాయి. మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకునికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. జైలు సంగతి పక్కనుంచినా, పండుగ పేరిట తాళాలు అందించిన చెయ్యి మనదే కదా!

ఇక ఆ రాత్రి బండి తీసి తీరాలనుకునే సోదరులకు పని లేకపోలేదు. ఇంటికి వెళ్ళలేక హాస్టల్లోనే ఉండిపోయిన మిత్రుడిని భోజనానికి తీసుకురండి. ఫిత్రా దానం ఈద్ నమాజుకు ముందే చేరాలి. నడవలేని వృద్ధురాలు, పిల్లలతో ఉన్న వితంతువు చాంద్‌రాత్ నాడు వాకిలి వైపు చూస్తుంటారు. హెల్మెట్ పెట్టుకుని, నెమ్మదిగా వెళ్ళి ఇచ్చి రండి. ఆ ఇల్లు ఎక్కడో అమ్మీని అడిగితే చెబుతుంది.