శరీరక్లేశము తపస్సగునా?

ఎవరును ఆజ్ఞాపింపకయే, ఏ ఋణమును తీర్చవలసిన యవసరము లేకయే, మనుష్యుడు తన దేహమును తానే పగలనక రాత్రియనక కష్టపెట్టుకొనుచు కొండదారులవెంట పందెముగా సైకిలు త్రొక్కుట యే కోవకు చెందిన కర్మము? వ్యాయామమందుమా, ఆరోగ్యమునకు వలసిన వ్యాయామము గంటతో తీరును. వినోదమందుమా, మూడవ కనుమ నెక్కునప్పటి ముఖములలో వినోదచ్ఛాయ కానరాదు. ధనాశయందుమా, పాల్గొనువారిలో పెక్కుమంది తామే రుసుము చెల్లించి వచ్చినవారు. ఒక్కొక్కదానిని కాదనుకొనుచు పోగా తుదకు తపస్సొక్కటి మిగులును. ఇది నిజముగా తపస్సగునా, లేక తపోవేషము ధరించిన అహంకారమా యనునది నన్ను చిరకాలముగా వెన్నాడుచున్న ప్రశ్న.

భూటానులో బుమ్‌థాంగ్ నుండి థింఫూ వరకు నాలుగు కనుమలు దాటి, 268 కిలోమీటర్లు ఒక్క దినమున ముగింపవలసిన మౌంటెన్ బైకు పందెము కలదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రమున, సముద్రమట్టమునకు పదివేల అడుగులకు పైని, లెడ్‌విల్ అను గనుల పట్టణము గలదు. 1980ల తొలినాళ్లలో అచటి మాలిబ్డినం గని మూతబడి, పని పోయిన కుటుంబములు ఊరు విడుచుచుండగా, కెన్ క్లౌబర్ అను గనిపనివాడు 1983లో నూరుమైళ్ల పరుగుపందెమును నెలకొల్పెను. 1994లో ఆ కొండలమీదనే సైకిళ్లకును నూరుమైళ్ల పందెము ఏర్పడెను. గాలి పలుచబడిన యా యెత్తున పన్నెండు గంటలలోపల గమ్యము చేరినవారికి దక్కునది బెల్టునకు పెట్టుకొను వెండిబిళ్ల. గనులు మూతబడిన బెల్లంపల్లిని చూచిన మన ప్రాంతమువారికి, ఒక యూరు తన బ్రతుకుకై మనుష్యుల ఓర్పునే పెట్టుబడిగా పెట్టినదన్న ఈ వృత్తాంతము పరాయిదిగా తోపదు.

భగవద్గీత పదునేడవ అధ్యాయము తపస్సును మూడు తెఱగులుగా విభజించుచున్నది. ఫలాపేక్ష లేక శ్రద్ధతో చేయబడునది సాత్త్వికము. సత్కారమును, మానమును, పూజను కోరి దంభముతో చేయబడునది రాజసము. మూఢమైన పట్టుదలతో తన్ను పీడించుకొనుచుగాని, పరులకు హాని కోరిగాని చేయబడునది తామసము. ఈ కొలమానమును చేతబట్టినవాడు, పందెమనగనే గెలుపు, గెలుపనగనే మానము, కావున ఇది రాజసమని తీర్పు చెప్పి లేచిపోవచ్చును. నే నంత త్వరపడజాలను. ఏలయన, బయలుదేరు గీతకడ నున్న మనుష్యుడును, పదవ గంటలో సైకిలు నడిపించుకొనుచు గుట్ట యెక్కు మనుష్యుడును ఒక్కడు కాడు. తీర్పు చెప్పువాడు వీరిలో ఎవనిని గూర్చి చెప్పుచున్నాడో తేల్చుకొనవలసి యుండును.

దేహమున జరుగునదేమి? కండరములలోను కాలేయములోను నిలువయున్న గ్లైకోజెన్, తీవ్రముగా శ్రమించువానికి రెండు మూడు గంటలలో తఱిగిపోవును. అంతట కాళ్లు బరువెక్కుటయే కాదు, బుద్ధియు మందగించును. ఎంత దూరము మిగిలెనో కూడికతో తేల్చుకొనలేడు, సీసాలో నీరున్నదో లేదో స్ఫురింపదు, అకారణముగ దుఃఖము ముంచుకొని వచ్చును. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కొడుకగు శ్వేతకేతువును పదునైదు దినములు అన్నము మాని నీరు మాత్రము త్రావి యుండుమనెను. పిమ్మట ఋగ్యజుస్సామములను వల్లింపుమనగా, పండ్రెండేండ్లు గురుకులవాసము చేసిన యా యువకునకు ఒక్కటియు తోపలేదు. అన్నము తినిన వెనుక అంతయు తోచెను. మనస్సు అన్నమయమని తండ్రి చెప్పదలచిన సంగతిని కొడుకు తన యాకలిలోనే కనుగొనెను. తైత్తిరీయమున భృగువు సయితము తపస్సు చేసి మొట్టమొదట తెలిసికొన్నది అన్నమే బ్రహ్మమని. ప్రాణము, మనస్సు, విజ్ఞానము, ఆనందము ఆ తరువాతి మెట్లు. తన బుద్ధి, తన ధైర్యము, తన పేరు అని యిన్నాళ్లు తాను నమ్మినదంతయు ఒక అరటిపండుపై నాధారపడి యున్నదని దారిప్రక్కన కూలబడి గ్రహించిన పందెగాడు, భృగువు ఎక్కిన తొలి మెట్టుపై నిజముగనే కాలు మోపినాడని నా విశ్వాసము. ఆ క్షణమున మానాపేక్ష యెక్కడ? ముందు పోయినవాడెవడో, వెనుక వచ్చువాడెవడో అతనికి పట్టదు. పరుల ఓటమిని కోరి వచ్చిన రాజసము, త్రోవ తగినంత దీర్ఘమైనచో, త్రోవలోనే అరిగిపోవును.

అరుగని సందర్భములును కలవు. చంపానగరపు ధనికుని పుత్రుడు, మిక్కిలి సుకుమారుడు అయిన సోణుడు భిక్షువై, పాదములు చిట్లి నెత్తురు కారువరకు చంక్రమణము చేసి, ఫలము కానక నిరాశపడెను. పూర్వాశ్రమమున వీణ నెఱిగిన యతనితో, తీగ అతిగా బిగిసినను అతిగా సడలినను స్వరము పలుకదు గదా యని బుద్ధుడనెను. కండరము చితికి దాని విషము మూత్రపిండములను చెఱచుచున్నను దిగని సైకిలుగాడు గీత చెప్పిన మూఢాగ్రహమునకు పట్టుబడినవాడే. అతని ఓర్పును కొనియాడువారు అతనికి మేలు చేయుట లేదు. దిగదగిన చోట దిగుట ఓటమియని నేర్పెడి క్రీడను నేను తపస్సనజాలను.

ఇంతకంటె గంభీరమైన కొలమానము మన ఖానాపూర్ ప్రాంతముననే యున్నది. ఏటేట పుష్యమాసమున, రాజగోండులలోని మెస్రం వంశీయులు ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపూర్ నుండి పాదరక్షలు లేక బయలుదేరి, టేకు అడవులగుండ గుట్టలు దాటి, ఊరూర విడిది చేయుచు, జన్నారం మండలము కలమడుగుకడ గోదావరిలోని హస్తినమడుగు చేరి, ఝరియను పాత్రలో గంగాజలము నింపుకొని, ఆ జలముతో మరల నడచి వత్తురు. ఆ దారి తుదలు రెండును నేటి ఖానాపూర్ శాసనసభా నియోజకవర్గములోనివే. అమావాస్య రాత్రి సర్పదైవమగు నాగోబాకు ఆ జలముతో అభిషేకము, మహాపూజ జరుగును; పిదప భేటింగను ఆచారమున వంశపు క్రొత్తకోడండ్రు దేవునికి పరిచితులగుదురు. ఆ బాటసారులలో మొదటివాడు, కడపటివాడు అను లెక్క లేదు. గడువు మాత్రము కలదు, అమావాస్య ఎవరికొఱకును ఆగదు. అరికాళ్లు పగులుచుండును, పుష్యమాసపు చలి యెముకలు కొఱుకుచుండును; అయినను వారి సంభాషణలలో తమ క్లేశము ప్రధానవిషయము కానేరదు. నీరు చేరవలెను, అంతే. పందెగాని దృష్టి తన క్లేశముపై నిలుచును. మెస్రం బాటసారి దృష్టి ఝరిపై నిలుచును. తపస్సునకును తపోవేషమునకును నడుమ భేదము క్లేశపరిమాణమున లేదు, ఈ దృష్టియందు కలదని నేను తలంతును.

అట్లని సైకిలుగాండ్రకు ఈ దృష్టి అలవడదనుట న్యాయము కాదు. ప్యారిస్ నుండి బ్రెస్ట్ నగరమునకు పోయి మరలి వచ్చు 1200 కిలోమీటర్ల యాత్ర 1891లో పందెముగా పుట్టినది. 1931లో, గెలుపుతో నిమిత్తము లేక గడువులోపల ముగించుటయే చాలునను వర్గ మొకటి దానికి తోడయ్యెను. జీవికకై త్రొక్కువారి పందెము 1951తో ఆగిపోయినది. గెలుపు లేనివారి యాత్ర నేటికిని నాలుగేండ్ల కొకసారి వేలమందితో సాగుచున్నది. ఆ సంప్రదాయమునే అనుసరించి మన హైదరాబాదులోని రాండనీర్లను దూర సైకిలుయాత్రికులును 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలను గడువుయాత్రలు చేయుచున్నారు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు గడువు. తొలుత వచ్చినవానికి బహుమతి లేదు. పంక్చరు పడినవానికొఱకు ఆగి ట్యూబు మార్చుటకు తోడ్పడినవాడు అచట కోలుపోవునది కొలది నిమిషములు మాత్రమే. పందెమున అదే నిలుపు స్థానమును పోగొట్టును. అట్లు పోగొట్టుకొనుటకు సిద్ధపడి ఆగినవాని తపస్సు బ్రెవే యాత్రికుని తపస్సుకంటె గొప్పదని చెప్పుటకు నేను సంకోచింపను. స్పర్ధకు గల సార్థక్యమును నేను ఇచటనే చూచుచున్నాను; విడువదగిన విలువైన వస్తువును అది మన చేతిలో పెట్టుచున్నది.

ఖానాపూర్–ఉట్నూరు గుట్టలలోను ఇట్టి పందెమొకటి యుండిన బాగుండునని యువకులు కోరినచో నేను సంతోషింతును; కాని ఆ యడవిలో అధికభాగము 2012 నుండి కవ్వాల్ పులుల అభయారణ్యము. పరులకు హాని కోరు తపస్సును తామసమని గీత చెప్పినప్పుడు, ఆ పరులలో దుప్పియు పులియు లేవని అనుకొనుటకు నాకు ఆధారము కానరాదు. కావున రాత్రివేళ దీపములు వెలిగించుకొని అభయారణ్యముగుండ త్రొక్కుటకు నేనొప్పను. అడవి వెలుపలి బండిబాటలవెంట, పగటివేళ, ఆ బాటలు గల గూడెముల పటేళ్లు సమ్మతించిన దినమున త్రొక్కవలెను. మెస్రం వంశీయులు ఝరితో నడచు దినములు మాత్రము వారికే విడువవలెను.