ఒడంబడికయు ధర్మమును

ఒక పాఠశాల గది కట్టవలెనన్నను ముందుగా కాగితములు సిద్ధము కావలెను. అంచనా, టెండరు ప్రకటన, ధరావతు, పనికి సంబంధించిన ప్రమాణ పత్రము, చివరకు ఒడంబడిక. మాట మీద నిలుచువానికి ఇన్ని సంతకములేలయని కొందరు పెద్దలు ఆక్షేపింతురు. వారి మాటలో సగము సత్యమున్నది. అయినను మాట మరపునకు లోబడును. వ్రాత ఉభయ పక్షములను సమానముగా బంధించును.

'గట్టిగా కట్టవలెను' అను మాటకు కొలత లేదు. ఆ కొలతను ప్రమాణ పత్రము ఇచ్చును. ఎం20 తరగతి కాంక్రీటు అనగా, 150 మిల్లీమీటర్ల ఘనమును 28 దినముల తరువాత పరీక్షించినపుడు చదరపు మిల్లీమీటరునకు 20 న్యూటన్ల ఒత్తిడిని ఓర్చవలసినది. సాధారణ సిమెంటు కాంక్రీటును కనీసము 7 దినములు, పొడిగాలియు తీవ్రమైన ఎండయు ఉన్నచోట 10 దినములు తడిగా నుంచవలెనని ఐ.ఎస్. 456 చెప్పుచున్నది. తెలకపల్లి వేసవి నెరిగినవారికి ఈ నియమము యొక్క అవసరమును వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే పత్రమే కట్టడమును నిలుపజాలదు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ స్తంభములు కుంగినవి. ప్రణాళిక, రూపకల్పన, నాణ్యతా నియంత్రణ, నిర్వహణలయందు లోపములున్నవని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నివేదించెను. అంతటి కట్టడమునకు పత్రములు లేకపోలేదు గదా!

టెండరులో సాధారణముగా అల్పధర వేసినవానికే పని దక్కును. ధర్మసందేహము ఇచ్చటనే కలుగుచున్నది. తగ్గిన ధర ఎవరి భాగమునుండి తగ్గినది? నేర్పుచేతను, దుబారా లేమిచేతను, తన లాభమును కుదించుకొనుటచేతను తగ్గినచో అది శ్లాఘనీయము. సిమెంటునుండి తగ్గినచో ఆ లోటు గిలాబు చాటున దాగును. అయినను ఏదో ఒకనాడు పరీక్షలో బయటపడవచ్చును. కూలినుండి తగ్గిన లోటు మాత్రము ఏ పరీక్షకును అందదు.

ఈ లోటును పాలమూరు బాగుగా ఎరుగును. 2016లో నాగర్‌కర్నూలు జిల్లా ఏర్పడువరకు తెలకపల్లియు మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. ఆ జిల్లా కూలీలు తరతరములుగా దేశమందలి ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిరి. గుంపు మేస్త్రీ చేతిలో పెట్టిన అడ్వాన్సే వారి ఒడంబడిక. పైన గుత్తేదారునకును ప్రభుత్వమునకును నడుమ పుటలకొలది పత్రము. క్రింద తట్ట మోయువానికి చీటీ ముక్కయు లేదు. 1872 నాటి ఒప్పందముల చట్టము స్వేచ్ఛా సమ్మతి కావలెనన్నది. అప్పునకు కట్టుబడినవాని సమ్మతి స్వేచ్ఛయగునా? 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టమును, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమును చేయవలసివచ్చుటయే ఇందులకు సమాధానము.

బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భాండాగారమును చూచినవాడు. లెక్క సరిపోవుటతో తృప్తిచెందక, సంపాదన సైతము శుద్ధమై యుండవలెనని కాయక ధర్మమును బోధించెను. కావున టెండరు వేయువారు ముందు ప్రమాణ పత్రమును చదివి, ఆ ప్రమాణమునకును న్యాయమైన కూలికిని చాలిన ధరనే వ్రాయవలెను. ఆ ధరకు పని దక్కనిచో వదలుకొనవలెను. టెండరు పిలుచువారును మిక్కిలి తక్కువ ధర చూచి సంతసింపక, ఆ తక్కువను ఎవరు భరింతురని అడుగవలెను. ఆ ప్రశ్నకు సమాధానము దొరకిన పిమ్మటనే సంతకము చేయుట ధర్మము.