మూడు రాత్రుల బాకీ

ఈ లోకానికి మనమంతా విజిట్ వీసా మీద వచ్చినవాళ్లమేనని, గడువు తీరగానే పెట్టె సర్దుకోవలసిందేనని చెప్పడం ఈ మధ్య ప్రవచనాల్లో బాగా అలవాటైంది. చర్చిల్లో, మసీదుల్లో చేసే ప్రసంగాల్లోనూ ఈ పోలిక వినిపిస్తుంది. వినేవాళ్ల ఇళ్లలో ఎవరో ఒకరు దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో ఉంటారు కనుక విడమరచి చెప్పాల్సిన పని ఉండదు. పోలికలో తప్పు లేదు. దాని నుంచి తీసే నీతి దగ్గరే నాకు పేచీ. కాబట్టి దేనిమీదా మమకారం పెంచుకోకండని వచ్చినవాడికి చెప్పి ఊరుకుంటారు. రానిచ్చినవాడికి ఏం చెప్పాలన్న ప్రశ్న ఎవరూ ఎత్తరు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ జిల్లాల నుంచి కూలి పనికి, కడప, కోనసీమల నుంచి ఇంటి పనికి గల్ఫ్ వెళ్లే మనిషికి గడువంటే వైరాగ్య పాఠం కాదు, పాస్‌పోర్టులో ముద్రపడిన తేదీ. ఆ తేదీ వేసి గుమ్మంలోకి రానిచ్చినవాడి ధర్మం ఏమిటి? ఉండే రోజులు తక్కువైతే ఆ మనిషికి చెందవలసిన మర్యాద, న్యాయం కూడా ఆ లెక్కన తగ్గుతాయా? తగ్గవని, రోజులు తక్కువైనకొద్దీ రానిచ్చినవాడి బాధ్యత ఇంకా బరువెక్కుతుందని నా వాదన.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. గడువు పెట్టడం దానంతటది అధర్మం కాదు. మనుస్మృతి అతిథిని ఒక్క రాత్రి ఉండేవాడిగానే లెక్కించింది. ఇస్లాం సంప్రదాయంలో ఆతిథ్యానికి మూడు రోజుల హద్దుంది, ఆపైన పెట్టేది దానం కిందికి వస్తుంది. శాశ్వత శాంతి మీద 1795లో రాసిన చిన్న పుస్తకంలో ఇమాన్యుయేల్ కాంట్ కూడా పరదేశికి వచ్చి చూసిపోయే హక్కు ఉందన్నాడు గానీ, ఉండిపోయే హక్కు ఉందనలేదు. వచ్చినవాడు శాంతంగా ఉన్నంతకాలం అతన్ని శత్రువుగా చూడకూడదన్నదే ఆయన పెట్టిన నియమం. కాబట్టి ఒక దేశం ముప్పై రోజులకో రెండేళ్లకో వీసా ఇచ్చి, అయిపోగానే వెళ్లిపొమ్మనడాన్ని ఈ సంప్రదాయాల్లో ఏదీ తప్పుపట్టదు. ఎంత ఉన్న ఇల్లయినా అందరినీ ఎల్లకాలం పోషించలేదని పెద్దలకు తెలుసు. అయితే ఆ హద్దులు దేనికి పెట్టారో గమనించాలి. ఎన్నాళ్లు ఉంచుకోవాలన్నదానికే హద్దు, ఆ కొన్నాళ్లూ ఎలా చూసుకోవాలన్నదానికి హద్దు పెట్టలేదు. తైత్తిరీయ ఉపనిషత్తు శిక్షావల్లిలో అతిథిని తల్లి, తండ్రి, గురువుల వరసలో నిలబెట్టినప్పుడు, ఎన్ని రోజుల అతిథి అని ఎవరూ అడగలేదు.

ఈ విషయంలో కఠోపనిషత్తు మొదటి ఘట్టం కంటే గట్టి సాక్ష్యం నాకు కనబడదు. మనం దాన్ని ఆత్మవిద్య కోసం చదువుతాం, అందుకే ఆ కథ మొదలైన తీరును గబగబా దాటేస్తాం. తండ్రి కోపంలో అన్న మాటకు కట్టుబడి నచికేతుడు యముడి ఇంటికి వెళతాడు. యముడు ఇంట్లో లేడు. మూడు రాత్రులు ఆ పిల్లవాడు తిండి లేకుండా అక్కడే ఉంటాడు. తిరిగొచ్చిన యముడు, నేను నిన్ను రమ్మనలేదు కదా అనడు, నేను లేనప్పుడు వస్తే నా తప్పేమిటనీ అనడు. అలా అనగల అధికారం ఎవరికైనా ఉంటే ఆయనకే ఉంది, ప్రాణులన్నిటి గడువూ ఆయన చేతిలోదే. అయినా ఆ మూడు రాత్రుల పస్తును తన మీద పడ్డ బాకీగా ఒప్పుకుని, రాత్రికొకటి చొప్పున మూడు వరాలు కోరుకోమంటాడు. నచికేతుడు కోరిన మొదటి వరం ఏమిటి? తాను తిరిగి వెళ్లినప్పుడు తండ్రి కోపం చల్లారి, తనను గుర్తుపట్టి పలకరించాలని. చావు తర్వాత ఏముందన్న మహా ప్రశ్న మూడోది. మొదటిది క్షేమంగా ఇల్లు చేరడం. పరాయి ఇంట్లో ఉన్నవాడికి అన్నిటికంటే ముందు కావలసింది అదేనని, దాన్ని తీర్చవలసిన పూచీ ఆ ఇంటి యజమానిదేనని ఇంత సూటిగా చూపించిన కథ మరొకటి నేనెరగను. ఆ యజమాని యముడైనా సరే మినహాయింపు లేదు.

మిగతా గ్రంథాలదీ ఇదే దారి. లేవీయకాండం 25వ అధ్యాయంలో దేవుడు భూమి తనదని, ఇశ్రాయేలీయులు దానిమీద పరదేశుల్లా కొంతకాలం ఉండేవాళ్లేనని గుర్తుచేస్తాడు. ఆ మాట ఎవరితో అంటున్నాడో చూడండి. భూమి చేతికి వచ్చినవాళ్లతో. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం, కూలివాడు స్వజనుడైనా పరదేశి అయినా పొద్దు గూకేలోగా కూలి చేతిలో పెట్టమంటుంది. ఖురాన్ జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో బాటసారిని చేర్చింది. ఇవన్నీ కలిపి చదివితే ప్రవచనాల్లోని ఆ పోలిక అర్థమే మారుతుంది. అందరమూ గడువు మీద వచ్చినవాళ్లమే అయితే ఆ మాట ముందుగా వినవలసినవాడు ఇంటి యజమాని. తన ఉనికికీ గడువున్నవాడు, గడువు మీద వచ్చిన సాటి మనిషిని తక్కువగా చూడటానికి ఆధారమే లేదు.

ఇప్పుడు వీసా సంగతి. పదో తరగతి పాసు కానివాళ్లకు మన ప్రభుత్వం ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తుంది. దానితో గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం కింద అనుమతి తీసుకోవాలి, ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో నమోదు కావాలి. ఆ దారిలో వెళ్తే జీతం రాసిన ఒప్పందం ఉంటుంది, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా ఉంటుంది, ఏజెంటు 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ తప్ప పైసా తీసుకోకూడదు. ఈ కట్టుబాట్లన్నీ ఎగ్గొట్టడానికి దొంగ ఏజెంట్లు పట్టుకున్న దారి విజిట్ వీసా. నెలకో రెండు నెలలకో పర్యాటకుడిగా విమానం ఎక్కించి, "ఆడికి పోయినంక కంపెనీ వీసా కొట్టిస్తరు" అంటారు. పనిలో పెట్టుకుంటారు, రోజులు గడుస్తాయి, వీసా మారదు. యూఏఈలో గడువు దాటిన ప్రతి రోజుకూ 50 దిర్హాముల జరిమానా పడుతుంది. నెలకు 1500 అవుతుంది, మామూలు కూలీకి చాలాచోట్ల నెల జీతమే అంత ఉండదు. జీతం అడిగితే కాగితమేదంటారు. పోలీసు దగ్గరికి వెళ్తే ముందు తానే నేరస్థుడు. అతను ఖల్లివెల్లి అయ్యాడని, అంటే కాగితాల్లేనివాడయ్యాడని, ఊళ్లో చెప్పుకుంటారు. ఇక ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ఎప్పుడిస్తారా, ఇల్లు చేరడానికి ఔట్‌పాస్ ఎప్పుడు చేతికొస్తుందా అని ఎదురుచూడటమే. పంపినవాడు బాగుపడ్డాడు, చేయించుకున్నవాడు బాగుపడ్డాడు, చట్టం ఉల్లంఘించిన భారమంతా ఆ ఒక్కడి నెత్తిన పడింది.

అక్కడే ప్రాణం పోతే సంగతి ఇంకా ఘోరం. శవం ఇల్లు చేరాలంటే మరణ ధ్రువపత్రం, పోలీసుల అనుమతి, పాస్‌పోర్టు రద్దు, మన ఎంబసీ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఎంబామింగ్ చేసినట్టు సర్టిఫికెట్, ఆ తర్వాత కార్గో బుకింగ్. కంపెనీ వీసా ఉన్నవాడికైతే వీటికోసం తిరగవలసిన యజమాని ఒకడుంటాడు. విజిట్ మీద ఉన్నవాడికి ఆ యజమానే లేడు. శంషాబాద్ కార్గో దగ్గరికి ఆ పెట్టె వచ్చేదాకా ఇంట్లోవాళ్లు మైల ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో తెలియక పురోహితుణ్ణి అడుగుతారు. దూరదేశంలో పోయినవాడి విషయంలో వార్త విన్న రోజు నుంచి మైల పట్టే పద్ధతి మన ధర్మశాస్త్రాల్లో ఉంది. అంటే ఊరుగాని ఊళ్లో చావు సంగతి శాస్త్రకారులు ఆలోచించే ఉన్నారు. ఎవరి సంతకం కోసమో శవం మార్చురీలో పడి ఉండే సంగతి మాత్రం వాళ్ల ఊహకు కూడా అంది ఉండదు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తామని ఉత్తర్వు ఇచ్చింది. మంచి పని. కానీ ఆ బాకీ అసలు మోయవలసింది పని చేయించుకున్న ఇల్లు.

దీనికి మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే. ఎవరూ మెడపట్టి పంపలేదు, తెలిసే వెళ్లాడు కదా అంటారు. పొలం కుదువపెట్టి, నెలకు నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటు చేతిలో పోసినవాడికి విమానం దిగాక వెనక్కి తిరిగే వీలుంటుందా? ఒప్పుకోలు అనేది వద్దనగలిగే మనిషి ఇచ్చినప్పుడే ఒప్పుకోలు. పైగా విజిట్ వీసా విషయంలో అతను దేనికి ఒప్పుకున్నట్టు? కాగితం మీద అతను షికారుకు వచ్చినవాడు. చెప్పిన జీతం, చెప్పిన పని ఎక్కడా రాసి లేవు. నచికేతుడూ తనంతట తానే నడిచి వెళ్లాడని మరిచిపోకూడదు. ఆ కారణంతో యముడి బాకీ తీరిపోలేదు. 2024లో యూఏఈ తెచ్చిన చట్టం కూడా పర్మిట్ లేకుండా పని చేయించుకున్న యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా పెట్టింది. తప్పు రానిచ్చినవాడిలో కూడా ఉందని ఆ దేశమే ఒప్పుకున్నట్టు కదా.

రెండో అభ్యంతరం బలమైనది. మార్టిన్ రూస్ అనే పండితుడు 2013లో వలస కార్మికుల హక్కుల మీద ఒక పుస్తకం రాశాడు. కార్మికుడికి హక్కులు పెరిగినకొద్దీ దేశాలు తక్కువమందిని రానిస్తాయని, ఎక్కువమందికి తలుపు తెరిచే దేశాలు తక్కువ హక్కులిస్తాయని ఆయన చూపించాడు. హక్కుల కోసం పట్టుబడితే సిరిసిల్ల నేతన్నకు ఆ కాస్త దారీ మూసుకుపోతుందేమోనన్న భయం ఉత్తిది కాదు. అందుకే కొన్ని హక్కులను వేరుచేసి చూడాలంటాను. ఓటు, పింఛను, కుటుంబాన్ని వెంట తెచ్చుకోవడం లాంటివి తాత్కాలికంగా వచ్చినవాడికి ఇవ్వకపోవడం గురించి వాదించుకోవచ్చు, వాటికి ఖర్చూ ఉంది. తన పాస్‌పోర్టు తన దగ్గర ఉంచుకోవడానికి ఏం ఖర్చవుతుంది? తల్లి పోయిందని తెలిస్తే ఇంటికి బయలుదేరడానికి, జీతం ఎగ్గొట్టిన కఫీల్‌ను, అంటే వీసా ఇప్పించిన యజమానిని, వదిలి ఇంకోచోట చేరడానికి ఖజానా నుంచి ఎంత పోతుంది? ఖతార్ 2020లో యజమాని నిరభ్యంతర పత్రం లేకుండా ఉద్యోగం మారే వీలు కల్పించింది, 2021లో అందరికీ నెలకు వెయ్యి రియాళ్ల కనీస వేతనం పెట్టింది. అమలులో లోపాలు ఎన్నో ఉన్నాయి, అది వేరే మాట. కానీ ఆ మార్పుల తర్వాత ఖతార్ కార్మికులకు తలుపులు మూసుకోలేదు, 2022లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ కూడా నడిపింది. సౌదీ మాత్రం 2021లో తెచ్చిన సంస్కరణల్లో ఇంటి పనివాళ్లను చేర్చలేదు. కడప నుంచి, కోనసీమ నుంచి వెళ్లే ఆడవాళ్లలో ఎక్కువమంది చేసేది ఆ ఇంటి పనే.

మూడోది మన ఇళ్లలోనే వినబడే మాట, వాళ్ల రాత అలా ఉంది, ఎవరేం చేస్తారని. కర్మ సిద్ధాంతం మనిషి తన కష్టాన్ని తాను అర్థం చేసుకోవడానికి పుట్టింది. ఎదుటివాడి కష్టానికి దాన్ని తాళంగా వాడితే అది ఆస్తికత్వం అనిపించుకోదు. పక్కవాడి ప్రారబ్ధం లెక్క మన చేతికి ఎవరూ ఇవ్వలేదు. మన చేతికిచ్చింది మన కర్తవ్యం.

ఈ న్యాయం గల్ఫ్ షేక్‌లకే కాదు, మనకూ వర్తిస్తుంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడల నుంచి కుటుంబాలతో వచ్చి పెద్దపల్లిలో, రంగారెడ్డిలో ఇటుక బట్టీల దగ్గర కొన్ని నెలలు ఉండి పోయేవాళ్లకు మనం యజమానులం. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వాళ్ల కోసమే వచ్చింది. అయినా బట్టీ పక్కన వేసిన గుడిసెలో తలెత్తుకుని నిలబడే ఎత్తు కూడా ఉండదు. దుబాయ్ మీద కోపం తెచ్చుకునే ముందు ఆ గుడిసెలోకి ఒకసారి వంగి చూడాలి.

ప్రవచనాలు చెప్పే పెద్దలకు, పాస్టర్లకు, ఇమాములకు ఒక మనవి. విజిట్ వీసా పోలిక చెప్పండి, బాగుంటుంది. చెప్పిన వెంటనే అదే మైకులో, విజిట్ వీసా మీద ఎవరూ పనికి వెళ్లవద్దని, డబ్బు కట్టే ముందు ఏజెంటు లైసెన్సు నంబరును ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలని కూడా చెప్పండి. మోసపోయి విజిట్ మీద వెళ్లినవాడికీ ఆ 10 లక్షల బీమా వర్తించేలా చేయమని కేంద్రాన్ని అడగండి. మీరు అడిగితే వింటారు.