కట్లు విప్పువారెవరు?

బేతనియలో ప్రభువు లాజరును పేరుపెట్టి పిలువగా చనిపోయినవాడు సమాధిలోనుండి వెలుపలికి వచ్చెను. అయితే అతని కాళ్లు చేతులు ఇంకను ప్రేతవస్త్రములతో కట్టబడియే యుండెను. ప్రాణమిచ్చిన ప్రభువు ఆ కట్లు విప్పలేడా? విప్పగలడు. అయినను ఆ పనిని చుట్టు నిలిచియున్నవారికి అప్పగించెను. ఎందుకు? ఈ ప్రశ్న రెండేండ్లుగా నన్ను విడువకున్నది.

వేంపల్లె ప్రాంతమున మా సంఘములో ఒక సహోదరుడు కలడు. అతని సెలవు తీసికొని వ్రాయుచున్నాను, పేరు వ్రాయను. చీనీతోటలలో కూలిపని చేయును. కూలి డబ్బులు చేతబడిన దినమున అతనికి ఇంటి త్రోవకంటె అంగడి త్రోవయే దగ్గర. మూడు మారులు నేనతనిని సంఘము ముందర నిలువబెట్టి, బైబిలు మీద చెయ్యి పెట్టించి, ఇక జన్మలో త్రాగనని ప్రమాణము చేయించితిని. మూడు మారులును పడిపోయెను. ఆ తరువాత ఆరాధనకే రాలేదు.

నేనతని ఇంటికి పోయి గద్దించితిని. అతడు తల యెత్తకయే, "అయ్యగారూ, దేవుని దగ్గరికి రావాలనే ఉంది. కానీ దారిలో మీరుంటారు" అనెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మోయలేని బరువు అతని భుజము మీద పెట్టి, నా వ్రేలితోనైనను దానిని ముట్టకపోతినిగదా!

మద్యముతో పోరాటము మన సీమకు క్రొత్త కాదు. 1938 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వము కడప జిల్లాలో మద్యనిషేధము పెట్టెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద లేచిరి. 1995లో రాష్ట్రమంతట నిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. చట్టము మంచిదే. అది అంగడి తలుపు మూయగలదు. మనిషి లోపలి దాహమును మాన్పుటకు వేరొక సహాయము కావలెను.

మొదట అతనిని వైద్యుని యొద్దకు తీసికొనిపోతిని. ఏండ్ల తరబడి ఎక్కువగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల ఫిట్లు, మతిభ్రమ, ఒక్కొక్కప్పుడు మరణము కూడ కలుగునని వైద్యుడు చెప్పెను. ఇది తెలియకయే నేను ప్రమాణములు చేయించితిని! చికిత్స ముగిసినపిమ్మట పట్టణములో ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడికకు పొమ్మని ఆయన సలహా యిచ్చెను.

ఆ కూడికల పుట్టుక వినదగినది. 1935 మే నెలలో అమెరికాలోని ఆక్రన్ పట్టణమున, త్రాగుడు మాని కొన్ని నెలలే అయిన బిల్ విల్సన్ అను వ్యాపారి, వచ్చిన పని చెడి, హోటలులో ఒంటరిగా నుండెను. ప్రక్కనే మద్యశాల. అతడు ఒక పాదిరికి ఫోను చేసెను. బోధించుమని కాదు, తనవంటి మరియొక త్రాగుబోతును చూపుమని! ఆ మార్గమున బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు దొరికెను. ఒకరికొకరు ఊతయైరి. ఆ జూన్ 10న ఆ వైద్యుడు కడసారి త్రాగెను. ఆ దినమే ఆ సహవాసమునకు జన్మదినముగా ఎంచబడుచున్నది.

మేము బస్సు దిగి, మెట్లయొద్దకు పోయి నిలిచితిమి. నా సహోదరుడు రెండు మారులు వెనుకకు తిరిగెను. బయటివారిని కూడ రానిచ్చు కూడిక గనుక నన్నును కూర్చుండనిచ్చిరి. రుసుము లేదు. ఇంటిపేరు అడుగరు. మానవలెనను కోరిక యుంటే చాలును. ఒక్కొక్కడు తన కథ తానే చెప్పెను. ఎవడును ఇతరుని గద్దింపలేదు. త్రాగుడు మాని తొమ్మిదేండ్లయిన ఒకాయన, "నేటికి మానితిని, రేపటి సంగతి రేపు" అనెను. నా సహోదరుడు ఆ దినము తన పేరు మాత్రము చెప్పి, యేడ్చెను. సంఘములో అతడెన్నడును ఏడ్చియుండలేదు.

క్రీస్తు చాలడా, ఇది విశ్వాసలోపము కాదా యని కొందరడిగిరి. అక్కడ దేవుని తలంచుదురు గాని క్రీస్తు నామము ప్రకటింపరు. అది నన్నును కలవరపెట్టెను. అయితే గాయపడినవాని కట్లు కట్టినవాడు సమరయుడు. యాజకుడు ప్రక్కగా పోయెను. కోపింపవలసినది సమరయునిమీదనా? జీవమిచ్చువాడు ప్రభువొక్కడే. కట్లు విప్పు పనిని ఆయన మనుష్యుల చేతులకు విడిచెను, ఏలయనగా ఆ దుర్వాసనను సహించి దగ్గరకు రానివాడు ప్రేమను నేర్చుకొనజాలడు.

పల్లెలలో అట్టి కూడికలు అరుదు. భారత ప్రభుత్వపు ఉచిత ఫోను నంబరు 14446కు ఫోను చేసినయెడల సహాయము దొరకు చోటు చెప్పుదురు. బస్సు చార్జీ సంఘము పెట్టవచ్చును. తోడుగా ఒకరు పోవచ్చును. వానిభార్యను నిందింపక ఆమె మాట వినవచ్చును. పల్లెలో పేరు దాచలేము, నోరు కట్టుకొనగలము.

అయిదవ నెలలో అతడు మరల పడిపోయెను. ఆ రాత్రియే వచ్చి నా తలుపు తట్టెను. మునుపటివలె దాగుకొనలేదు. నేను ప్రమాణము అడుగలేదు. ఉదయము బస్సు ఎన్ని గంటలకో చూచితిని. మరల కలిసి పోతిమి.

ప్రియ సహోదరీ సహోదరులారా, సమాధి బయట కట్లతో నిలిచియున్నవాడు మీ వీధిలోనే యుండవచ్చును. వానిని చూచి ముక్కు మూసికొనక, దగ్గరకు పోయి ఒక్క ముడియైనను విప్పుటకు ప్రభువు మన చేతులకు సాత్వికము ననుగ్రహించును గాక.